గడ్డకట్టే చలిలో తొమ్మిది గజాల చీర

జులై, ఆగస్టు నెలలు వచ్చాయంటే పైచదువులకు అమెరికా వెళ్లే పిల్లలున్న ఇళ్లల్లో హడావిడి అంతా ఇంతా కాదు. ఆవకాయ దగ్గర్నుంచి ప్రెషర్ కుక్కర్ దాకా అన్నీ సర్దుతాం. చలిబట్టల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏం కొనాలో, ఎన్ని కొనాలో ఎవరికీ తెలీదు. ఈ ఏడాది మా అక్క కూతురికి సామాను సర్దుతుంటే నాకు పదేపదే గుర్తొచ్చిన మనిషి డాక్టర్ ఆనందీబాయి జోషి. మనకైతే అడగడానికి అక్కడ చదువుతున్న పిల్లలు బోలెడంతమంది ఉన్నారు. 1883లో, పద్దెనిమిదేళ్ల వయసులో డాక్టరు చదువుకని ఓడెక్కిన ఆ అమ్మాయి ఎవర్ని అడగాలి?

ఆనంది అసలు పేరు యమున. కల్యాణ్‌కు చెందిన ఓ మరాఠీ బ్రాహ్మణ కుటుంబంలో 1865 మార్చి 31న పుట్టింది. తొమ్మిదేళ్లకే పెళ్లి. భర్త గోపాలరావు జోషి తపాలా ఉద్యోగి, ఆమెకంటే చాలా పెద్దవాడు, అప్పటికే భార్యను పోగొట్టుకున్నవాడు. ఆనంది అని పేరు పెట్టింది ఆయనే. భార్యకు చదువు చెప్పాలన్నది ఆయన పట్టుదల. చదువు పక్కన పెడితే చెయ్యి కూడా చేసుకునేవాడు. ఆదర్శమూ మొండితనమూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

పద్నాలుగేళ్లకు ఆనందికి కొడుకు పుట్టి పది రోజులకే పోయాడు. సరైన వైద్యం అందక పోయాడన్న బాధ ఆమెను వదల్లేదు. ఆడవాళ్లకు ఆడడాక్టరు ఉండాలి, ఆ డాక్టరు నేనే కావాలి అని నిశ్చయించుకుంది. భర్తకు బదిలీ అయిన ఊరికల్లా వెళ్తూ, వీధిలో జనం వేళాకోళాలు పడుతూనే చదువుకుంది.

భార్యను అమెరికాలో చదివించాలని గోపాలరావు ఒక అమెరికన్ మిషనరీకి రాసిన ఉత్తరం అక్కడి పత్రికలో అచ్చయింది. న్యూజెర్సీలోని రోజెల్ అనే ఊళ్లో ఉండే థియోడీషియా కార్పెంటర్ అనే ఇల్లాలు దాన్ని చదివి, ఆనందికి ఉత్తరం రాసింది. అలా మొదలైన స్నేహం పిన్నీ కూతుళ్ల అనుబంధంగా ముదిరింది. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ తన ఇంటి తలుపు తెరిచింది కాబట్టే ఆనంది బయల్దేరగలిగింది.

ఆడపిల్ల సముద్రం దాటడమేమిటని లోకం గోల పెట్టింది. 1883 ఫిబ్రవరిలో శ్రీరాంపూర్ కాలేజీలో నలుగురి ముందూ నిలబడి, హిందువుగానే వెళ్లి హిందువుగానే తిరిగొస్తానని ఆనంది మాట ఇచ్చింది. ఏప్రిల్ 7న కలకత్తాలో ఓడెక్కి, జూన్‌లో న్యూయార్క్‌లో దిగింది. భర్త వెంట రాలేదు.

ఎండాకాలమంతా కార్పెంటర్ గారింట్లో హాయిగా గడిచింది. అసలు పరీక్ష అక్టోబరులో ఫిలడెల్ఫియా చేరాక మొదలైంది. అక్కడి మహిళా వైద్య కళాశాలలో సీటు దొరికింది. డీన్ రేచల్ బాడ్లీ ఆమెను ఆదరంగా చూసింది. కానీ చలిని ఎవరు ఆపగలరు? మన లంబసింగిలో ఏ నాలుగు రాత్రులో మంచు పేరుకుంటే కెమెరాలు పట్టుకుని పరిగెడతాం. ఫిలడెల్ఫియాలో జనవరి రాత్రులు మామూలుగానే సున్నా డిగ్రీలకి దిగువన ఉంటాయి.

ఆనంది కట్టుకునేది తొమ్మిది గజాల చీర. మన ముత్తవ్వలు గోచీ పోసి కట్టినట్టే, కుచ్చెళ్లు వెనక్కి దోపి కట్టే మరాఠీ కట్టు. పొలంలోనో వంటింట్లోనో వంగి లేచి పనిచేసుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ పిక్కలు బయటే ఉంటాయి, లోపల లంగా వేసుకునే వీల్లేదు. మంచు కురిసే ఊళ్లో ఎంత ఇబ్బందో ఆలోచించండి. గదిలో పొయ్యి ఉందిగానీ దాని గొట్టం సరిగ్గా పనిచేసేది కాదు. వెలిగిస్తే గదంతా పొగ, ఆర్పేస్తే వణుకు. పొగా చలా, ఏదో ఒకటి ఎంచుకోవలసిందే. దానికి తోడు శాకాహారం, స్వయంపాకం.

గౌను తొడుక్కుంటే సమస్య తీరేదే. కానీ ఇచ్చిన మాట ఉందే! ఆనంది బాగా ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టింది. చీర వదల్లేదు, కట్టు మార్చింది. మరాఠీ కట్టు మాని గుజరాతీ పద్ధతిలో కట్టడం మొదలుపెట్టింది. ఈ కట్టులో కుచ్చెళ్లు ముందుకు వస్తాయి, అంచు పాదాల దాకా దిగుతుంది, కింద లంగా వేసుకోవచ్చు. ఒంటిమీది చీర చీరే, చలికి మాత్రం అడ్డు దొరికింది. గోపాలరావు ఉద్యోగరీత్యా భుజ్‌లో కాపురమున్న రోజుల్లో ఆ కట్టును ఆమె దగ్గరగా చూసే ఉంటుంది. కొత్త బట్ట కొనకుండానే చలికాలానికి తగ్గట్టు తన పెట్టెను తయారుచేసుకోవడమంటే ఇదే కదా!

ఇది మనకి చిన్న విషయంలా అనిపిస్తుంది. ఆమెకు చిన్నది కాదు. భర్త ఉత్తరాల్లో ప్రోత్సాహంతో పాటు అనుమానాలూ దెప్పుళ్లూ ఉండేవి. వేల మైళ్ల దూరంలో కూర్చుని, తాను మారిపోతోందేమోనని లెక్కలు కట్టే మనిషికి కట్టు మార్చానని చెప్పుకోవడం ఎంత కష్టమో ఊహించండి. చలి తెలిసిన ఒళ్లు ఆమెది. తీర్పు చెప్పే నోళ్లు మాత్రం వెచ్చటి దేశంలో ఉన్నాయి.

1885 అక్టోబరులో తీసిన ఒక ఫోటో ఉంది. జపాన్‌కు చెందిన కేయి ఒకామి, సిరియాకు చెందిన సబాత్ ఇస్లాంబూలీలతో కలిసి ఆనంది కూర్చుంది. ముగ్గురూ వైద్య విద్యార్థినులే, ఎవరి దేశపు దుస్తుల్లో వాళ్లున్నారు. నాకు ఆ ఫోటో ఎంత ఇష్టమో చెప్పలేను. చీరలో నిండుగా కూర్చున్న ఆ ఇరవై ఏళ్ల పిల్లని చూస్తే, ఆ నిండుదనం వెనక ఎన్ని వణికిన రాత్రులున్నాయో అనిపిస్తుంది.

1886 మార్చి 11న ఆనంది డాక్టరు పట్టా అందుకుంది. పండిత రమాబాయి ఆ వేడుక చూడటానికి అంత దూరం వెళ్లింది. కొల్హాపూర్‌లోని ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో స్త్రీల విభాగం బాధ్యత ఆమెకోసం ఎదురుచూస్తోంది. కానీ అప్పటికే ఆమెను క్షయ పట్టుకుంది. ఆ ఏడాది చివర్లో స్వదేశం చేరినా కోలుకోలేదు. ఒక్క రోగికైనా ఆ ఆసుపత్రిలో నాడి చూడకుండానే, 1887 ఫిబ్రవరి 26న పూనాలో కన్నుమూసింది. ఇంకా ఇరవై రెండేళ్లు నిండలేదు.

చలి వల్లే పోయిందని కొందరంటారు. క్షయ సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది, చలి వల్ల కాదు. రాబర్ట్ కాక్ ఆ క్రిమిని కనిపెట్టింది 1882లోనే. మందు రావడానికి మాత్రం మరో అరవై ఏళ్లు పట్టింది. అయితే చాలీచాలని తిండి, పొగ, వణుకు, ఊపిరాడని చదువు ఒంటిని తీసేస్తాయన్నది మాత్రం నిజం. ఆమె చితాభస్మాన్ని కార్పెంటర్ గారికే పంపారు. న్యూయార్క్ రాష్ట్రంలోని పోకిప్సీలో, ఆ కుటుంబపు శ్మశానవాటికలో దాన్ని ఉంచి గుర్తుగా రాయి నిలిపారు.

ఆనంది తంటాలుపడి నేర్చుకున్నది మన పిల్లలకు ముందే చెప్పి పంపవచ్చు. ఒక్క బరువైన స్వెటర్ కంటే మూడు పల్చటి పొరలు మేలు. ఒంటికి అంటుకునేది పల్చగా ఉండాలి, నూలుబట్ట చెమట పీల్చి చల్లబడుతుంది కాబట్టి లోపలికి థర్మల్స్ మంచివి. మధ్యలో ఉన్ని, పైన గాలీ తడీ చొరబడని కోటు. చెవులు, వేళ్లు, పాదాలు మర్చిపోవద్దు. పెద్ద కోటు, మంచు బూట్లు అక్కడ కొనుక్కోవడమే నయం, ఇక్కడ కొన్నవి ఆ చలికి ఆగవు. పండక్కి చీర కట్టుకోవాలనుకుంటే లంగా కింద ఉన్ని లెగ్గింగ్స్, పైన పొడుగు చేతుల జాకెట్టు చాలు.

ఇంకొక్క మాట, అమ్మలకి. వీడియో కాల్‌లో పిల్ల టోపీ పెట్టుకుని, ప్యాంటు మీద ప్యాంటు తొడుక్కుని కనిపిస్తే, బొట్టేదీ, ఆ వేషమేమిటీ అని మొదలుపెట్టకండి. ముందు కాళ్లకి మేజోళ్లున్నాయా అని అడగండి.