నల్లమచ్చల్ని ఫొటో తీసినవాడు

1866. అమెరికాలోని నాష్‌విల్ ఊళ్ళో ఒక ఫొటో స్టూడియో. దాని డాబా మీద ఫొటోలను పెద్దవి చేసే భారీ పరికరం ఒకటుంది. కరెంటు బల్బు ఇంకా రాని రోజులు కాబట్టి దానికి కావలసిన వెలుతురు సూర్యుడిదే. సూర్యుడు కదిలిపోతూ ఉంటాడు, పరికరాన్ని ఆయనతో పాటు గంటల తరబడి మెల్లగా తిప్పుతూ ఉండాలి. అంతకుముందు ఆ పనిలో పెట్టిన కుర్రాళ్ళు ఎండకి నిద్రపోయేవాళ్ళట. తొమ్మిదేళ్ళు కూడా నిండని ఒక పిల్లాడు మాత్రం నిద్రపోలేదు. వాడి పేరు ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్. ఆ పరికరానికి స్టూడియో వాళ్ళు పెట్టుకున్న పేరు జూపిటర్, అంటే గురుగ్రహం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

బర్నార్డ్ 1857 డిసెంబర్ 16న పుట్టాడు. పుట్టేసరికే తండ్రి లేడు. ఇంట్లో తిండికే కష్టం. బడికి వెళ్ళింది మహా అయితే రెండు నెలలు, చదవడం రాయడం నేర్పింది తల్లే. స్టూడియోలో పదిహేడేళ్ళు పనిచేశాడు. లెన్సులు, ప్లేట్లు, రసాయనాలు అన్నీ అక్కడే చేతికి అలవాటయ్యాయి.

పంతొమ్మిదేళ్ళ వయసులో 380 డాలర్లు పెట్టి అయిదంగుళాల టెలిస్కోప్ కొన్నాడు. అది అతని ఏడాది జీతంలో మూడింట రెండు వంతులు! 1877లో సైమన్ న్యూకోంబ్ అనే పెద్ద ఖగోళ శాస్త్రవేత్త నాష్‌విల్‌కి వస్తే వెళ్ళి కలిశాడు. లెక్కలు రాకుండా ఈ రంగంలో చేయగలిగేది పెద్దగా లేదని ఆయన తేల్చేశారు. కుర్రాడు పక్కకెళ్ళి ఏడ్చాడంటారు. తర్వాత కుదిరిన డబ్బుతో లెక్కల ట్యూషన్ పెట్టించుకున్నాడు.

1881లో రోడా కాల్వర్ట్‌తో పెళ్ళయింది. అప్పట్లో వార్నర్ అనే వ్యాపారి కొత్త తోకచుక్క కనిపెట్టినవాళ్ళకి 200 డాలర్లు బహుమతి ఇచ్చేవాడు. బర్నార్డ్ ఒకదాని తర్వాత ఒకటి పట్టాడు. ఆ డబ్బుతోనే ఇల్లు కట్టుకున్నారు. ఊళ్ళో దానికి తోకచుక్క ఇల్లని పేరు పడింది. ఇన్‌స్టాల్‌మెంట్ గడువు వచ్చేసరికి ఆకాశంలో ఒక తోకచుక్క కనబడాలి, పరిస్థితి అదీ.

1883లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ చేరదీసింది. 1888లో కాలిఫోర్నియాలో కొండ మీద కొత్తగా తెరిచిన లిక్ అబ్జర్వేటరీలో ఉద్యోగం దొరికింది. అక్కడ 36 అంగుళాల టెలిస్కోప్ ఉంది, లెన్స్‌తో చేసిన టెలిస్కోపుల్లో అప్పటికి ప్రపంచంలో అదే పెద్దది. కానీ డైరెక్టర్ హోల్డెన్‌కీ బర్నార్డ్‌కీ పడలేదు. పెద్ద టెలిస్కోప్ మీద కూర్చునే అవకాశం ఈయనకి చాలాకాలం దక్కలేదు. దక్కింది ఒక పాత లెన్స్. విల్లర్డ్ లెన్స్ అంటారు, మనుషుల బొమ్మలు తీయడానికి తయారైన పోర్ట్రెయిట్ లెన్స్. ఆరంగుళాల వ్యాసం, 31 అంగుళాల ఫోకల్ లెంగ్త్.

స్టూడియోలో పెరిగినవాడికి ఆ లెన్స్ విలువ తెలుసు. మనమూ ఒకసారి లెక్క వేద్దాం. విల్లర్డ్ లెన్స్ సుమారు ఎఫ్/5. పెద్ద టెలిస్కోప్ సుమారు ఎఫ్/19. నక్షత్రం లాంటి చుక్క విషయంలో పెద్ద అద్దానిదే గెలుపు. కానీ నీహారికలాగా పరుచుకుని ఉన్న వెలుగు ప్లేటు మీద ఎంత ప్రకాశంగా పడుతుందన్నది ఎఫ్ నంబర్ మీదే ఆధారపడుతుంది, అదీ వర్గంలో. 19ని 5తో భాగించి వర్గం చేస్తే 14కి కొంచెం ఎక్కువ. అంటే చిన్న లెన్స్ గంటలో పట్టేదాన్ని పెద్దది పట్టాలంటే పద్నాలుగు గంటలు కావాలి. పైగా పెద్ద టెలిస్కోప్‌కి కనబడేది ఆకాశంలో చిన్న ముక్క. పాలపుంత ఆకారం చూడాలంటే కొన్ని డిగ్రీల వెడల్పు ఒకేసారి కనబడాలి.

1889 ఆగస్టులో ధనుస్సు రాశి వైపు లెన్స్ తిప్పి, మూడు గంటలకు పైగా ఎక్స్‌పోజర్ ఇచ్చారు. భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రాలు జరుగుతూనే ఉంటాయి. పక్కన బిగించిన గైడ్ టెలిస్కోప్‌లో ఒక నక్షత్రాన్ని దారాల కూడలి మీద పెట్టి, అది అక్కడినుంచి జరక్కుండా చేత్తో సరిచేస్తూ కూర్చోవాలి. డాబా మీద పిల్లాడు చేసిన పనే ఇది, సూర్యుడి బదులు ఇప్పుడు నక్షత్రం. ప్లేటు కడిగితే పాలపుంత మబ్బుల్లా నురగలా కనబడింది. ఆ వెలుగు మధ్యలో నల్లటి మచ్చలు, చారలు.

1892లో పెద్ద టెలిస్కోప్ మీద శుక్రవారం రాత్రులు ఇచ్చారు. సెప్టెంబర్ 9న, అలాంటి ఒక శుక్రవారం, గురుగ్రహానికి అయిదో ఉపగ్రహం కనిపెట్టారు. గెలీలియో తర్వాత దాదాపు మూడు వందల ఏళ్ళకి. జూపిటర్ తిప్పిన కుర్రాడికి జూపిటరే బదులు తీర్చినట్టుంది కదా! నెల తర్వాత విల్లర్డ్ లెన్స్ ప్లేటు మీద ఒక తోకచుక్క దొరికింది. ఫొటో ద్వారా కనిపెట్టిన మొదటి తోకచుక్క అదే. 1894లో ఇంకా చిత్రం. చవక మ్యాజిక్ లాంతరులోంచి తీసిన ఒకటిన్నర అంగుళాల లెన్స్‌తో ఓరియన్ రాశిని తీస్తే, రాశిలో సగాన్ని చుట్టి వచ్చిన ఒక వెలుగు వలయం పడింది. పికరింగ్ అంతకుముందే దాన్ని ఫొటోలో పట్టినా, ఇవాళ అందరూ బర్నార్డ్ లూప్ అనే అంటారు.

1895లో షికాగో యూనివర్సిటీకి, అక్కడినుంచి యెర్క్స్ అబ్జర్వేటరీకి వెళ్ళారు. కేథరిన్ బ్రూస్ అనే దాత 7,000 డాలర్లు ఇస్తే పది అంగుళాల లెన్స్‌తో ప్రత్యేకంగా ఒక కెమెరా తయారైంది. ఇదీ ఎఫ్/5. అడుగు పొడవు, అడుగు వెడల్పున్న ప్లేటు మీద 13 డిగ్రీల ఆకాశం. 1905లో దాన్ని మౌంట్ విల్సన్‌కి మోసుకెళ్ళి, కొన్ని నెలలపాటు దక్షిణం వైపు పాలపుంతని తీశారు.

అసలు ప్రశ్న అక్కడే ఉంది. ఆ నల్లమచ్చలు ఏమిటి? విలియం హెర్షెల్ కాలం నుంచి అవి నక్షత్రాలు లేని ఖాళీలనే అభిప్రాయం. బర్నార్డ్ కూడా ఏళ్ళ తరబడి అలాగే అనుకున్నారు. తన ఫొటోలే వేరే మాట చెబుతున్నా త్వరగా ఒప్పుకోలేదు. 1913 వేసవిలో ఒక చీకటి రాత్రి, ధనుస్సు దగ్గర పాలపుంతకి అడ్డంగా చిన్న చిన్న మబ్బుతునకలు వెళ్తున్నాయి. వెనక వెలుగు ఉండటంతో అవి నల్లగా, అచ్చం తన ప్లేట్ల మీది మచ్చల్లాగే కనిపించాయి. ఖాళీ కాదు, అడ్డం! 1919లో 182 నల్ల వస్తువుల జాబితా ప్రచురించారు. ఫ్లెమింగ్ ముందే ఒక ప్లేటు మీద గుర్తించిన గుర్రపుతల నీహారిక అందులో 33వది. నక్షత్రాల మధ్య ధూళి ఉందని ట్రంప్లర్ గట్టిగా నిరూపించింది 1930లో. ఆ ధూళిమేఘాల్లోనే నక్షత్రాలు పుడతాయని ఇప్పుడు మనకి తెలుసు.

చివరి పని అట్లాస్. అచ్చులో సన్నటి వివరాలు పోతున్నాయని, ప్రతి కాపీలోనూ అసలు ఫొటో ప్రింట్లే అతికించాలని పట్టుబట్టారు. 700 కాపీలు, ఒక్కో దాంట్లో 51 ప్రింట్లు, మొత్తం 35,700. అన్నీ తానే పరీక్షించారు. అప్పటికే ఒంట్లో మధుమేహం. 1921లో రోడా పోయారు. 1923 ఫిబ్రవరి 6న ఆయనా వెళ్ళిపోయారు, అట్లాస్ పూర్తి కాకుండానే. రోడా మేనకోడలు మేరీ కాల్వర్ట్, యెర్క్స్ డైరెక్టర్ ఫ్రాస్ట్ కలిసి పూర్తిచేసి 1927లో బయటికి తెచ్చారు.

మన హాస్టల్లో ఎవరి దగ్గరైనా 50 ఎంఎం లెన్స్ ఉంటుంది. వానలు మొదలవకముందు, ఏప్రిల్, మే నెలల్లో, ఊరి దీపాలకి దూరంగా, తెల్లవారుజామున ధనుస్సు వైపు పెట్టి పది సెకన్లు తెరిచి చూడండి. పాలపుంత మధ్యలో నల్లటి చీలిక కనబడుతుంది. అది ఖాళీ కాదని తెలుసుకోవడానికి ఒక మనిషికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. చూపించింది మాత్రం మొహాలు తీయడానికి పుట్టిన ఒక పాత స్టూడియో లెన్స్.