వైద్యరత్న దీవి గోపాలాచార్యులవారు

ఏటికొప్పాక వాస్తవ్యులకు అంకుడుచెట్టును గూర్చి మేము వేఱుగ చెప్పబనిలేదు. వారి లక్కబొమ్మలకు ప్రాణము దాని మెత్తని కఱ్ఱయే. వైద్యుడు మాత్ర మా చెట్టును వేఱొక కంట జూచును. అతిసారమునకు వాడవలసిన కొడిశపాలపట్టలో, దానిని బోలిన యంకుడుపట్టను గలిపి యమ్ముట మూలికల వర్తకమున నెఱిగిన మోసమే. రోగి దానిని గుర్తింపజాలడు, వైద్యుడు గుర్తింపగలడు. గుర్తించియు నూరకుండినచో నతని నడుగువా రెవరు? ఈ ప్రశ్నతోడనే ఆచార్యులవారి జీవితమును తలచుకొనుచున్నాము.

వారు 1872వ సంవత్సరమున బందరున వైద్యవంశమున జన్మించిరి. మైసూరున ఆయుర్వేదము నభ్యసించిరి. బెంగుళూరున ప్లేగు చెలరేగిన దినములలో రోగులకు చికిత్సచేసి ఖ్యాతి గాంచిరి. పిమ్మట చెన్నపురి జేరి, శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానపు ధర్మముచే నడచిన ఆయుర్వేద వైద్యశాలకును, కళాశాలకును పెద్దయైరి. దాతల ధనము విద్వాంసుని చేత బడి ఫలించుట కింతకంటె మంచి నిదర్శనము మాకు దోచదు.

1914లో మద్రాసు వైద్యుల రిజిస్ట్రేషను చట్టము వచ్చెను. పాశ్చాత్యవైద్యమున పట్టము పొందినవారి పేర్లే పట్టీ కెక్కెను. చట్టరీత్యా చెల్లు వైద్యపత్రముల నిచ్చు నధికారమును వారిదే. నడవడి చెడినవారిని పట్టీనుండి తొలగించుటకు కౌన్సి లేర్పడెను. ఆచార్యులవారికి వైద్యరత్న బిరుద మిచ్చినదియు నా దొరతనమే, వారికి పట్టీలో చోటు లేకుండ జేసినదియు నా దొరతనమే! దేశీయవైద్యుని చికిత్స మానుమని యా చట్టము చెప్పలేదు; అతడు జవాబు చెప్పుకొనవలసిన చోటును జూపలేదు. అవమానముకంటె నిదియే పెద్ద లోపమని మా యభిప్రాయము. శాస్త్రము చదివినవాడును, సంతలో బూడిద పొట్లము లమ్మువాడును చట్టము కంటి కొక్కటే యైరి.

చట్టము చేయనిదానిని ఆచార్యులవారు పాఠశాలచే సాధింపజూచిరి. శిష్యులను క్రమవిద్యకు లోబఱచిరి, వైద్యగ్రంథములను ప్రకటించిరి, మందులను శాస్త్రోక్తముగా సిద్ధపఱచుటకు ఆయుర్వేదాశ్రమమును స్థాపించిరి. పాశ్చాత్యవైద్యపట్టము గల ఆచంట లక్ష్మీపతిగారంతటివారు వారికడ శిష్యులై ఆయుర్వేదము నేర్చిరి. పట్టీలో నున్నవాడు పట్టీలో లేనివానిని గురువుగా వరించుట ఆ కాలమున సామాన్యము గాదు.

1920లో ఆచార్యులవారు పరమపదించిరి. చెన్నపురిలో ప్రభుత్వమువారి దేశీయవైద్య పాఠశాల 1925లో వెలసినది. 1940 నాటి మందుల చట్టము ఆయుర్వేదౌషధముల కల్తీవైపు దృష్టి మరల్చుటకు మాత్రము 1964 నాటి సవరణ కావలసివచ్చినది. అంతకు మున్ను అంకుడుపట్టకును, కొడిశపాలకును నడుమ కావలి యున్నది వైద్యుని మనస్సాక్షి యొక్కటియే.