స్పీకర్ వెనక ఉన్న మాట

ఏ స్పీకర్ వెనక చూసినా 4 ఓమ్స్, 8 ఓమ్స్ అని ఉంటుంది కదా, అదే ఇంపీడెన్స్. ఆ మాట 1886లో ఆలివర్ హెవిసైడ్ పెట్టాడు. చెవులు సరిగా వినపడని మనిషి!

1850లో లండన్‌లో పేదింట్లో పుట్టాడు. చిన్నప్పుడే స్కార్లెట్ ఫీవర్ వల్ల వినికిడి తగ్గింది. పదహారేళ్లకే చదువు ఆగింది. టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా చేరి, 1874లో అదీ మానేసి, ఇంట్లో కూర్చుని మాక్స్‌వెల్ పుస్తకం సొంతంగా చదువుకున్నాడు. మనం పరీక్షకి బట్టీ పట్టే నాలుగు మాక్స్‌వెల్ ఈక్వేషన్లకి ఆ రూపం ఇచ్చింది ఈయనే.

ఏసీ కరెంటుకి సర్క్యూట్ ఇచ్చే మొత్తం అడ్డే ఇంపీడెన్స్. ఆంప్లిఫయర్ 20 వోల్టులిస్తే 8 ఓమ్స్ స్పీకర్ 50 వాట్లు తీసుకుంటుంది, 4 ఓమ్స్‌ది 100. అంత కరెంటు ఇవ్వలేని ఆంప్లిఫయర్ వేడెక్కిపోతుంది. అందుకే వాట్లు ఒక్కటే చూసి కొనకూడదు.

టెలిఫోన్ లైన్‌లో కాయిల్స్ పెడితే మాట స్పష్టంగా వెళ్తుందని 1887లోనే చెప్పాడు. బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు ప్రీస్ ఒప్పుకోలేదు. తర్వాత పేటెంటు, డబ్బు అమెరికాలో పుపిన్‌కి దక్కాయి. 1891లో రాయల్ సొసైటీ మాత్రం హెవిసైడ్‌ని ఫెలోగా తీసుకుంది. 1925లో టార్కీలో ఒంటరిగానే పోయాడు.

సీజీపీఏ గురించి దిగులు పడినప్పుడల్లా నాకు ఈ డిగ్రీ లేని మనిషే గుర్తొస్తాడు.