క్యాషియర్ కట్టించిన ద్వారక

బీఎస్సీ ఫిజిక్స్ పూర్తయింది. తర్వాతేంటో తెలీదు. పీజీకి వెళ్లాలా, గ్రూప్స్‌కి కూర్చోవాలా, దొరికిన ఉద్యోగంలో చేరిపోవాలా? మెదక్ పట్టణంలో డిగ్రీ చేతికొచ్చిన కుర్రాళ్లని ఎవర్ని కదిపినా ఇదే మాట. ఎనభై, తొంభై ఏళ్ల కిందట మద్రాసులో ఇదే డిగ్రీ పట్టుకుని బయటికొచ్చిన ఓ యువకుడు సినిమా కంపెనీలో క్యాషియర్‌గా చేరాడు. ఇరవై ఏళ్లు తిరక్కముందే, 50 అడుగులకు 60 అడుగుల జాగాలో ద్వారకా నగరాన్ని నిలబెట్టించాడు. ఆ ఊరిని మీరూ చూసే ఉంటారు, 'మాయాబజార్'లో. ఆయన పేరు కదిరి వెంకటరెడ్డి. తెలుగువాళ్లకి కె.వి.రెడ్డిగా తెలిసిన దర్శకుడు.

చిన్న ఇళ్లు కట్టి పెద్ద ఊరని నమ్మించే పని మనకి కొత్తేం కాదు. క్రిస్మస్ వస్తే మెదక్‌లో పశువుల పాక కట్టి, గడ్డి పరిచి, బొమ్మలు నిలబెడతారు. పండగలకి కొన్ని ఇళ్లలో బొమ్మల కొలువు పెడతారు. డయోరమా అంటే దాదాపు అదే. తేడా ఒక్కటే, కొలత. బొమ్మల కొలువులో ఆవు కంటే గుడి చిన్నదైనా ఎవరూ అడగరు. డయోరమాలో అడుగుతారు. కె.వి.రెడ్డి జీవితమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

లెక్కల పుస్తకంతో మొదలు

ఆయన 1912 జులై 1న అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మేనమామల దగ్గర పెరిగారు. తాడిపత్రి హైస్కూల్లో మూలా నారాయణస్వామి అనే స్నేహితుడు దొరికాడు. ఆ స్నేహమే తర్వాత ఆయన దారి మార్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్‌తో డిగ్రీ చేశారు.

సినిమా నేర్చుకోవాలంటే అప్పట్లో కాలేజీ లేదు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది 1960లో. కె.వి.రెడ్డి సినిమాల్లోకి వచ్చింది నటుడిగానో, రచయితగానో కాదు. రోహిణి సంస్థ హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 'గృహలక్ష్మి' (1938) తీస్తున్నప్పుడు డబ్బు లెక్కలు చూసే పనిలో చేరారు. ఎవరికెంత ఇచ్చాం, ఏ సరుకు ఎంతకి కొన్నాం, ఇంకా ఎంత మిగిలింది. ఫిజిక్స్ చదివినవాడికి ఇదేం ఉద్యోగం అని అనిపించే పనే.

తర్వాత బి.ఎన్.రెడ్డి, మూలా నారాయణస్వామి తదితరులు కలిసి వాహిని సంస్థ పెట్టారు. అందులో కె.వి.రెడ్డి ప్రొడక్షన్ మేనేజర్ అయ్యారు. 'వందేమాతరం' (1939), 'సుమంగళి' (1940), 'దేవత' (1941) సినిమాలకి ఆ పనే చేశారు. ప్రొడక్షన్ మేనేజర్ అంటే సెట్‌కి కావాల్సిన కలప నుంచి కూలీల భోజనం దాకా అన్నీ సమయానికి అందేలా చూడాల్సిన మనిషి. ఒక గోడ కట్టడానికి ఎన్ని రోజులు పడుతుంది, దాన్ని తెరమీద ఎన్ని సెకన్లు చూస్తాం? ఈ రెండింటి మధ్య దూరం ఎంతో బాగా తెలిసేది ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే.

ఐదేళ్లు అలా గడిచాక దర్శకత్వం అవకాశం వచ్చింది. నాగయ్య కథానాయకుడిగా 'భక్త పోతన' 1943లో విడుదలైంది, ఘనవిజయం సాధించింది. ఆ తర్వాత 'యోగి వేమన' (1947), 'గుణసుందరి కథ' (1949). నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థకి తీసిన 'పాతాళ భైరవి' (1951) మరుసటి ఏడాది బొంబాయిలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం దాకా వెళ్లింది. 1954లో వచ్చిన 'పెద్దమనుషులు' తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది.

స్టాప్‌వాచ్ మనిషి

కె.వి.రెడ్డి పని పద్ధతి గురించి ఆయన దగ్గర పనిచేసినవాళ్లంతా చెప్పేది ఒకటే. షూటింగ్‌కి ముందే మొత్తం స్క్రిప్టు కాగితం మీద పూర్తవ్వాలి. నటులతో చదివించి, రిహార్సల్ చేయించి, ఏ సన్నివేశం ఎంతసేపు నడుస్తుందో స్టాప్‌వాచ్ పెట్టి చూసుకునేవారు. అనుకున్న నిడివి దాటనిచ్చేవారు కాదు. ఎడిటింగ్ బల్ల దగ్గర ఫిల్మ్ కోసి పారేయడమంటే, ఆ ఫిల్మ్ మీద పెట్టిన డబ్బు, జనం పడ్డ శ్రమ చెత్తబుట్టలో పడ్డట్టే. ఒకప్పుడు క్యాష్ పుస్తకం రాసిన చేయి కదా, అది మర్చిపోలేదు.

ఈ పద్ధతికి అసలు పరీక్ష 'మాయాబజార్'. శశిరేఖా పరిణయం కథ అప్పటికే 1936లో తెలుగులో ఒకసారి సినిమాగా వచ్చింది. మళ్లీ తీయాలంటే మాయలుండాలి, ద్వారక ఉండాలి. అదీ తెలుగు, తమిళ భాషలు రెండింట్లో. ఖర్చు అంచనా చూసి నిర్మాణ సంస్థే ఓ దశలో వెనకాడింది. సినిమా ఆగిపోయే పరిస్థితి. కాగితం మీద ప్రతి దృశ్యం సిద్ధంగా ఉంది కాబట్టి, ఏ రూపాయి ఎక్కడ కనిపిస్తుందో కె.వి.రెడ్డి చూపించగలిగారు. చివరికి పని మొదలైంది. వడ్రంగులు, పెయింటర్లు, లైట్‌మెన్ అందరూ కలిపి సుమారు 400 మంది స్టూడియో కార్మికులు పనిచేశారు. కెమెరా మార్కస్ బార్ట్‌లీ. కళా దర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్.

333 గజాల్లో ఓ మహానగరం

కృష్ణుడి రాజధానిని నిజం కొలతలతో కట్టడం ఏ స్టూడియోకీ సాధ్యం కాదు. పరదా మీద బొమ్మ గీస్తే కెమెరా కదలగానే గుట్టు బయటపడుతుంది. అందుకే నమూనా ఇళ్లు. 50 అడుగులకు 60 అడుగుల జాగాలో సుమారు 300 ఇళ్లు కట్టి, వాటికి కరెంటు దీపాలు పెట్టారు.

ఒకసారి లెక్కేయండి. 50 ఇంటూ 60 అంటే 3,000 చదరపు అడుగులు. మన భాషలో సుమారు 333 గజాలు, అంటే ఓ మోస్తరు ఇంటి ప్లాటు. అందులో 300 ఇళ్లంటే, వీధులతో కలిపి ఒక్కో ఇంటికి గజం పైచిలుకు. ఆ గజంలోనే మేడ, గోపురం, కిటికీ, కిటికీలోంచి వెలుగు. మనం ఇంట్లో ఒక్కరికి సరిపడా చాప వేసినా అంతకంటే ఎక్కువ జాగా పడుతుంది.

దీపాలు ఎందుకంటే, వెలుగున్న కిటికీ వెనక మనిషి ఉన్నాడని మన కన్ను తనే ఊహించుకుంటుంది. లోపల ఎవరూ లేకపోయినా ఊరు బతికున్నట్టు కనిపిస్తుంది. అదే సినిమాలో స్టూడియో లైట్ల కిందే వెన్నెల పుట్టించినవాడు బార్ట్‌లీ. ఘటోత్కచుడి విందు దృశ్యానికి ఆయనకి నాలుగు రోజులు పట్టింది. తెరమీద అది కొద్ది నిమిషాలే.

1957 మార్చి 27న 'మాయాబజార్' విడుదలైంది. కథలో ఘటోత్కచుడి మనుషులు లేని ఊరిని సృష్టించి విడిదికి వచ్చినవాళ్లని నమ్మిస్తారు. తెర వెనక గోఖలే, కళాధర్ బృందం చేసిందీ అదే. నమ్మినవాళ్లం మనం. 2010లో ఈ సినిమాకి రంగులద్ది మళ్లీ విడుదల చేస్తే, వాళ్ల మనవల వయసువాళ్లు కూడా థియేటర్లకి వెళ్లి చూశారు.

మీ బల్ల మీద ప్రయత్నిస్తే

కె.వి.రెడ్డి చదివిన ఫిజిక్స్ ఈ పనిలో ఎక్కడ పనికొస్తుందో చూద్దాం. ఇవి సినిమాకైనా, మ్యూజియంకైనా, రియల్ ఎస్టేట్ నమూనాకైనా వర్తించే సూత్రాలు.

మొదటిది స్కేలు. మన మెదక్ చర్చినే తీసుకోండి. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గంటల గోపురం ఎత్తు 175 అడుగులు. వందో వంతు స్కేలులో చేస్తే పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, గోపురం 21 అంగుళాలు. చదువుకునే బల్ల మీద హాయిగా పడుతుంది. స్కేలు ఒకసారి ఖాయమయ్యాక మెట్టు, తలుపు, చెట్టు, మనిషి అన్నీ దానికే లొంగాలి. ఒక్క తలుపు తప్పినా చర్చి మొత్తం బొమ్మయిపోతుంది.

రెండోది మందం. పాత పెంకుటిల్లు 48వ వంతులో చేస్తున్నారనుకోండి. ఏడడుగుల తలుపు అంగుళంముప్పావు వస్తుంది. అడుగున్నర మందం మట్టిగోడ అంగుళంలో మూడెనిమిదో వంతు ఉండాలి. చాలామంది పల్చటి అట్టతో గోడ పెడతారు. కిటికీ దగ్గర ఆ పల్చదనం కనిపించగానే గుట్టు తెలిసిపోతుంది.

మూడోది మరక. నిజం ఇల్లు ఎప్పుడూ శుభ్రంగా ఉండదు. చూరు నీళ్లు పడి మట్టి చిమ్మడం వల్ల గోడ కింద అడుగు ఎత్తు దాకా ఎర్రటి మరక ఉంటుంది. 48వ వంతులో అది పావు అంగుళం. నీళ్లలా పల్చన చేసిన రంగు సన్నటి బ్రష్‌తో అక్కడ అద్దండి, ఇంటికి ఒక్కసారిగా వయసొస్తుంది. ఇలాంటివి పుస్తకంలో దొరకవు. సాయంత్రం పాత వీధుల్లో ఓ గంట నడిస్తే దొరుకుతాయి.

నాలుగోది కాలం. 16 అడుగుల ఎత్తు నుంచి పడ్డ రాయి నేల చేరడానికి ఒక సెకను పడుతుంది. 16వ వంతు నమూనాలో ఆ ఎత్తు ఒక అడుగే, రాయి పావు సెకనులో పడిపోతుంది. చూసేవాళ్లకి అది గులకరాయిలా అనిపిస్తుంది. అందుకే సెకనుకు 24 ఫ్రేములకు బదులు 96 తీసి, మామూలు వేగంతో చూపిస్తారు. డిగ్రీ మొదటి ఏడాది సూత్రమే. పరీక్షలో రాశాం, మర్చిపోయాం.

చివరి రోజులు

'జగదేకవీరుని కథ' (1961) కూడా బాగా ఆడింది. తర్వాత గాలి మారింది. 'సత్య హరిశ్చంద్ర' (1965), 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' (1968) నిరాశపరిచాయి. అవకాశాలు తగ్గిపోయాయి. అంతటి దర్శకుడికి డబ్బు ఇబ్బందులూ తప్పలేదు. ఎన్టీఆర్ కథానాయకుడిగా తీసిన 'శ్రీకృష్ణ సత్య' ఆయన చివరి సినిమా. 1972 సెప్టెంబరు 15న, అరవై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ భాగం చదివితే మనసు చివుక్కుమంటుంది. పద్ధతిగా పనిచేస్తే ఎప్పటికీ పని దొరుకుతుందన్న హామీ ఆయనకీ లేదు, మనకీ ఉండదు. కానీ ఆ పద్ధతి ఆయనతో పోలేదు. 'మాయాబజార్'కి సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు దాన్ని పట్టుకుని 'పుష్పక విమానం', 'ఆదిత్య 369' దాకా వెళ్లారు. ఉద్యోగం పోవచ్చు. నేర్పిన పని మాత్రం ఇంకొకరి చేతుల్లో బతుకుతుంది.

ఇప్పుడు దారులేంటి?

నమూనాలు చేసేవాళ్ల అవసరం ఇప్పటికీ ఉంది. ఆర్కిటెక్టులకి, కొత్త వెంచర్లు వేసే బిల్డర్లకి, మ్యూజియంలకి, సినిమా కళా విభాగాలకి వాళ్లు కావాలి. లేజర్ కటింగ్, త్రీడీ ప్రింటింగ్ వచ్చాక కోత పని యంత్రం చేస్తోంది. కొలత నిర్ణయించడం, రంగు, మరక, వెలుగు మాత్రం ఇంకా మనిషి పనే. పద్ధతిగా చదవాలనుకుంటే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ కోర్సులున్నాయి. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్ట్ డైరెక్షన్ అండ్ ప్రొడక్షన్ డిజైన్ కోర్సు ఉంది. దరఖాస్తు చేసేముందు అర్హతలు, తేదీలు ఆయా వెబ్‌సైట్లలో చూసుకోండి.

అంతకంటే ముందు ఓ పని చేయొచ్చు, పైసా పెద్దగా ఖర్చవదు. ఫోమ్ బోర్డు, స్కేలు, కట్టర్, జిగురు తెచ్చుకుని మీకు బాగా తెలిసిన ఒక ఇల్లు కట్టండి. అమ్మమ్మగారిల్లయినా సరే. తలుపు ఎత్తు టేపుతో కొలవండి, నోట్‌బుక్‌లో రాయండి, ఎన్ని గంటలు పట్టిందో, ఎంత ఖర్చయిందో పక్కనే వేయండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఫొటోలతో పాటు ఆ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి. చేతిపని ఎలా ఉందో ఫొటో చెబుతుంది. మీకు పని అప్పగించొచ్చా లేదా అన్నది నోట్‌బుక్ చెబుతుంది. తాడిపత్రి నుంచి వచ్చిన ఆ క్యాషియర్‌ని ద్వారక దాకా తీసుకెళ్లింది అలాంటి లెక్కల పుస్తకమే.