కుట్టుపనివలన బడి నిలిపిన సారా షెనీరెర్

యూదులనగానే మన విద్యార్థులకు స్ఫురించువారు అబ్రాహాము, మోషే, దావీదు మొదలగు పరిశుద్ధగ్రంథ పురుషులే. రూతు కథయో ఎస్తేరు కథయో చెప్పుమన్నచో మన క్రిందితరగతుల బాలికలు సయితము తడుముకొనక చెప్పుదురు. కాని ఆ జనము నేటికిని లోకమున నలుదెసల నివసించుచున్నదనియు, మన హాలియాకు కృష్ణ కావలిదైన గుంటూరు జిల్లాలో, చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున, బెనె ఎఫ్రాయీము అను పేర తెలుగు మాటలాడు చిన్న యూదుసమాజ మొకటి కలదనియు చెప్పినచో పలువురు అబ్బురపడుదురు. మేము ఇచ్చట చెప్పబూనిన వనిత ఆ గ్రామమునకు చెందినది కాదు. దూరమునందలి పోలండు దేశపు క్రాకో నగరవాసిని. ఆమె పేరు సారా షెనీరెర్. పూర్వాచారపరులైన యూదుల ఆడుబిడ్డలకు తమ మతవిద్య నేర్పు బళ్లు నేడు అనేకదేశములందు నడచుచున్నవనిన, దానికి మొదలు ఈమె కుట్టుపని గదియే.

సారా 1883వ సంవత్సరమున జన్మించెను. అప్పుడు క్రాకో ఆస్ట్రియా చక్రవర్తి యేలుబడిలో నుండెను. తండ్రి వర్తకుడు, బెల్జ్ అను ఊరి గురుపీఠమునకు శిష్యుడైన భక్తుడు. అట్టి కుటుంబములందు మగబిడ్డ పసితనముననే ఖేదెర్ అనబడు చిన్నబడికి పోయి, హెబ్రీ అక్షరములు దిద్ది, మోషే ధర్మశాస్త్రమును వల్లించుచుండెను. మన తాతలు వీథిబడిలో పంతులుగారి యెదుట ఇసుకలో ఓనమాలు దిద్దినట్లే యనుకొనవచ్చును. ఆడుబిడ్డకు మాత్రము బడి లేదు. తల్లివద్ద విశ్రాంతిదినపు దీపము వెలిగించుట, వంటయింటి నియమములు, కొన్ని ప్రార్థనలు నేర్చిన చాలునని పెద్దల తలంపు. కుమార్తెకు ధర్మశాస్త్రము నేర్పరాదని ప్రాచీన రబ్బీ యొకడు చెప్పియున్న అభిప్రాయము దీనికి ఆధారముగా చూపబడుచుండెను.

ఇట్లుండగా ప్రభుత్వము పిల్లలందరును బడికి పోవలెనని శాసించెను. బాలురను తల్లిదండ్రులు ఏదో విధమున ఖేదెరునందే నిలుపుకొనిరి. బాలికలను సర్కారు బడికి పంపిరి. ఆడుపిల్ల యేమి చదివిననేమి యను ఉదాసీనతయే దీనికి ముఖ్యకారణమని మాకు తోచుచున్నది. ఫలము ఎవరును తలపనిది. బాలికలు పోలిషు భాషయు, కావ్యములును, నాటకములును నేర్చి, ఇంటి భాషయగు యిద్దిషును, తండ్రి ప్రార్థనలను చూచి సిగ్గుపడసాగిరి. లోకజ్ఞానము లేని వరునికి తమ్ము కట్టబెట్టబూనగా కొందరు ఇల్లు విడిచి పోయిరి. క్రాకోలోని ఫెలీషియను కన్యాస్త్రీల మఠమున శరణుజొచ్చి బాప్తిస్మము పొందినవారును కలరు. మిషను బడి సంచికలో ఈ సంగతి వ్రాయుచు మేము సంతోషింపజాలము. బిడ్డ దేవుని వెదకుచు పోవుట వేరు. ఇంట తనతో మాటలాడు దిక్కులేక పోవుట వేరు. 1903లో క్రాకోలో కూడిన రబ్బీల సభలో బాలికలకును మతవిద్య నేర్పవలెనని ఒక రబ్బీ వాదింపగా సభ దానిని త్రోసిపుచ్చెను.

సారాయును ఆ సర్కారు బడిలోనే చదివెను. ఆమె భక్తిని చూచి తోడి బాలికలు పరిహాసపు పేరుపెట్టి పిలుచుచుండిరి. ఇంటి పేదరికమువలన చదువు త్వరలోనే ముగిసెను. ఆమె కుట్టుపని నేర్చి బ్రదుకుతెరువు చేసికొనెను. పగలెల్ల సూదియు దారమును. రాత్రి యిద్దిషులోనికి తిరిగివ్రాయబడిన ధర్మగ్రంథములు. కొలత లిచ్చుటకు వచ్చు స్త్రీలు అంగీ మడత యొకటి వంకరపోయిన ఎంతయో చింతించుట చూచి, ఆత్మ తొడుగుకొను వస్త్రమును గూర్చి వీరికింత చింత లేదుకదా యని ఆమె తలపోసెనట. పండుగకు ముందు మన ఊరి దర్జీ దుకాణమున నిలుచున్నవారికి ఈ తలంపు కొత్తదిగా తోచదు. మధ్యలో పెద్దలు వివాహము చేసిరి. అది పొసగక విడాకులతో ముగిసెను.

1914లో మహాయుద్ధము వచ్చెను. క్రాకోనుండి పారిపోయినవారితోగూడ సారా వియన్నా చేరెను. అచ్చట ఒక సమాజమందిరమున, మన యోహాను సువార్తలో ఆలయ ప్రతిష్ఠిత పండుగయని చెప్పబడిన దినములలో, రబ్బీ ఫ్లెష్ అను బోధకుడు యూదితు అను వీరవనితను గూర్చి ప్రసంగించి, నేటి స్త్రీలును అట్లు నిలువబడవలెనని హెచ్చరించెను. స్త్రీలను ఉద్దేశించి రబ్బీ ఇట్లు బోధించుట సారా అంతకుముందు వినియుండలేదు. క్రాకోలోని తన వీథి బాలికలు ఈ మాట వినిన ఎంత బాగుండునని ఆమె మనసు తహతహలాడెను.

తిరిగివచ్చి ఆమె మొదట యువతులను కూడగట్టెను. వారు వచ్చిరి, వినిరి. ఆచారముల మాట యెత్తగానే ముసిముసినవ్వులు నవ్విరి. పెరిగిన కొమ్మ వంగదని గ్రహించుటకు ఆమెకు ఈ భంగపాటు కావలసివచ్చెను. ఇక చిన్నబిడ్డలతోనే మొదలిడుదునని సోదరునికి తెలిపెను. అతడు మొదట నవ్వినను, పిదప ఆమెను బెల్జ్ గురువునొద్దకు తోడుకొనిపోయెను. గురువు దీవెనను జయమును కోరు రెండు హెబ్రీ మాటలు మాత్రము పలికెను. ఆయన తన శిష్యుల కుమార్తెల నందు చేర్పింపుమని చెప్పలేదు. బడి పెట్టవలదనియు చెప్పలేదు. ఆమెకు అంతే చాలియుండెను.

1917లో కుట్టుపని గదిలో బడి తెరువబడెను. చేరినవారు 25 మంది చిన్నబాలికలు. ఎవరి తల్లులకు అంగీలు కుట్టెనో వారి బిడ్డలే ఇప్పుడు ఆమె యెదుట కూర్చుండిరి. హెబ్రీ చదువుట, ప్రార్థనల అర్థము, మోషే గ్రంథములు, పండుగల వృత్తాంతములు ఆమె ఇంటిభాషలోనే బోధించెను. పాటలును చిన్ననాటకములును చేర్చెను. అర్థము తెలియక వల్లించు ప్రార్థన ఆమెకు సరిపడదు. బడికి బేత్ యాకోబు, అనగా యాకోబు ఇల్లు, అను పేరు కలిగెను. నిర్గమకాండము 19వ అధ్యాయమున దేవుడు మోషేతో యాకోబు కుటుంబికులను, ఇశ్రాయేలీయులను వేర్వేరుగ పేర్కొనుట కలదు. మొదటిమాట స్త్రీలను గూర్చినదని యూదు వ్యాఖ్యాతల నిర్ణయము. స్త్రీలకే ముందు చెప్పబడెనని దాని భావము. ఆ పేరే విమర్శకులకు సమాధానమాయెను.

బాలికలు పెరిగిరి, ఉపాధ్యాయినులు లేరు. పదునాలుగేండ్లయినను నిండీనిండని శిష్యురాండ్రనే సహాయులుగ నిలిపి, పిదప వేరు పట్టణములకు బడి పెట్టుటకై పంపెను. తానే వెంట పోయి, తల్లులను కూడగట్టి మాటలాడి, ఆ చిన్నదానిని అచ్చట విడిచి వచ్చుచుండెను. ఇంత చిన్నవారిమీద ఇంత భారము మోపుట తగునా యని మాకును సందేహమే; కాని వేరుదారి ఆమెకు లేకుండెను. క్రమముగ అగుదాత్ ఇస్రాయేల్ అను యూదుసంఘము బళ్ల పోషణను వహించెను. జర్మనీనుండి శిక్షణపొందిన విద్వాంసులు వచ్చి పాఠ్యక్రమమును దిద్దిరి. ఉపాధ్యాయినుల శిక్షణాలయమునకు క్రాకోలో 1927లో పునాదిరాయి వేయబడెను. లోద్జ్ నగరమునుండి 1923 మొదలుకొని బళ్ల పక్షమున ఒక పత్రిక వెలువడెను. రాదూను రబ్బీ ఇస్రాయేల్ మేయిర్ కాగాన్ వంటి మహాపండితుడు 1933లో లేఖ వ్రాసి ఈ బళ్లను సమర్థించెను.

ఆమె అన్ని కట్టుబాట్లను తెంచినదని ఎవరును తలపవలదు. తల్ముదు చదువు బాలురదిగానే ఉండెను. బాలికలు సర్కారు పాఠములు చదువుటను ఆమె మాన్పింపలేదు. పలుతావుల వారు ఉదయము సర్కారు బడికిని, మధ్యాహ్నము ఈ బడికిని పోవుచుండిరి. పాతదానిని కాపాడుటకే ఆమె కొత్తదారి త్రొక్కెను. ఆ కొత్తదారివలననే పేదయింటి కన్య తన కాళ్లమీద తాను నిలిచి ఉపాధ్యాయినియై జీతము గడించుట సాధ్యమాయెను. ఇది ఆమె కోరినదానికంటె పెద్ద మార్పేమో!

సారాకు బిడ్డలు లేరు. కడపటి యేండ్లలో మరల వివాహమాడెను. పుట్టకురుపు వ్యాధిచే 1935 మార్చి 1వ తేదీన, 51వ యేట మరణించెను. అప్పటికి పోలండులో 200కు పైగా బళ్లు నడచుచుండెను. చదువుకొను బాలికలు పదులవేలు.

1939 సెప్టెంబరులో జర్మను సేనలు పోలండును ముట్టడించెను. తరువాతి యేండ్లలో ఆ బాలికలలోను, ఉపాధ్యాయినులలోను అత్యధికులు చంపబడిరి. సారా సమాధియున్న శ్మశానముమీదనే నాజీలు ప్లాషూవ్ నిర్బంధశిబిరమును కట్టి, సమాధిరాళ్లను పెకలించి పారవైచిరి. యుద్ధమునకు ముందే అమెరికా చేరిన విఖ్నా కాప్లాన్ అను శిష్యురాలు న్యూయార్కులో మరల బడి నారంభించెను. పిదప ఇస్రాయేలు దేశమునను, ఇతరత్రను వందలకొలది వెలసెను. ప్లాషూవ్ గడ్డిమైదానమున చాలకాలమునకు సారా పేర ఒక రాయి తిరిగి నిలువబెట్టబడెను. ఆమెను ఎన్నడును చూడని బాలికలు దూరదేశములనుండి వచ్చి దానియొద్ద ప్రార్థించి పోవుచుందురు.