కింగ్ దొర తేల్చిన పొరలు

సింగరేణి పాఠం చదువుకున్న మనకు విలియం కింగ్ అనగానే గుర్తొచ్చేది 1872లో ఇల్లెందు దగ్గర ఆయన కనిపెట్టిన బొగ్గు. ఒక పొరకు ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పేరు. గనుల ఇంజనీరుగా నాకు మాత్రం అదే ఏడాది అచ్చయిన ఆయన కడప, కర్నూలు శిలల గ్రంథమే ఎక్కువ.

నియాండర్తల్ మానవుడికి శాస్త్రీయ నామం పెట్టిన ప్రొఫెసర్ కింగ్ కుమారుడీయన. 1857లో జియలాజికల్ సర్వేలో చేరారు. కొండలూ వాగులూ పట్టుకు తిరిగి, ఏ రాయి మీద ఏ రాయి పేరుకుందో తేల్చి, పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణా అని నాలుగు వర్గాలు చేశారు.

అగ్నిగుండాల ఖనిజం ఆ నల్లమల వర్గంలోనిదే. నల్లకొండలో రాగి, బండలమొట్టులో డోలమైట్ రాతిలో సీసం. ఇలాంటి చోట మేం బోరు కోర్లలో రాయినీ లోహం శాతాన్నీ చూసి, బోర్ల మధ్య ఏముందో కంప్యూటర్ మోడల్‌లో అంచనా కడతాం. ఆ అంచనా ఒకే పొర వెంట సాగాలి. డోలమైట్‌ను పక్కనున్న పలకరాయితో కలిపేశామా, లేని సీసం తెర మీద కనిపిస్తుంది. దాని కోసం కోట్లు పోసి తవ్వుతారు. కింగ్ గారికి నేల మీద కనిపించిన రాళ్లే ఆధారం.

1887 నుంచి 1894 దాకా సర్వే డైరెక్టరుగా చేసి, 1900లో కన్నుమూశారు. నల్లమల రాళ్లు తూర్పు నుంచి తోసుకొచ్చి, తమకంటే తర్వాత పుట్టిన కర్నూలు రాళ్ల మీదికి ఎక్కాయని తర్వాతివాళ్లు చూపించారు. మా మోడళ్లలో నల్లమల అనే పేరు మాత్రం ఆయన పెట్టిందే.