తెరలు లేని రంగస్థలం: బడిపిల్లలకు నాటకం నేర్పిన విశ్వకవి

తరగతి గదిలో ఊపిరాడక కౌమారంలోనే బడికి దూరమైన ఒక బాలుడు, నలభై ఏళ్ల వయసులో తానే ఒక బడిని స్థాపించాడు. ఆయనే విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్. పాఠశాల చదువులో నాటకానికి సముచిత స్థానం కల్పించిన తొలితరం భారతీయ విద్యావేత్తలలో ఆయన ఒకరు.

రవీంద్రుడు 1861 మే 7న కోల్‌కతాలోని జొరసంకో భవనంలో జన్మించారు. ఆ ఇంట నాటకం నిత్యకృత్యం. అన్నగారు జ్యోతిరింద్రనాథ్ స్వయంగా నాటకకర్త. 1881లో ‘వాల్మీకి ప్రతిభ’ అనే సంగీత నాటకాన్ని రచించి, రవీంద్రుడే వాల్మీకి పాత్ర ధరించారు. ఆపై వచ్చిన ‘రాజా ఓ రాణి’, ‘విసర్జన్’ నాటకాలు షేక్స్పియర్ ఫక్కీలో అయిదంకాలతో సాగాయి. ఆనాటి కోల్‌కతా నాటకశాలల్లో చిత్రించిన తెరలకు, ఆడంబరమైన అలంకరణలకు కొదవ లేదు.

1901 డిసెంబరులో అయిదుగురు విద్యార్థులతో శాంతినికేతన్ పాఠశాల ఆరంభమైంది. ఆ మరుసటి ఏడాది గడిచే వేళకు రంగస్థలంపై రవీంద్రుని ఆలోచన ఒక వ్యాసరూపం దాల్చింది. చిత్రించిన తెరలు ప్రేక్షకుని ఊహకు సంకెళ్లు వేస్తాయని ఆయన వాదించారు. దుష్యంతుడు చెట్టు చాటున ఉన్నాడని నటుడు తన అభినయంతో తెలిపితే చాలు, వేదికపై చెట్టు అక్కరలేదన్నది ఆయన అభిప్రాయం. నటునికీ ప్రేక్షకునికీ మధ్య అడ్డు లేని బెంగాలీ జాత్ర ఆయనకు ఆదర్శమైంది. చేతిలో సొమ్ము లేని ఒక చిన్న బడికి ఈ సిద్ధాంతం వరంగా పరిణమించింది.

ఆ సంవత్సరాలలోనే విషాదాలు ఆయనను వరుసగా చుట్టుముట్టాయి. 1902 నవంబరులో భార్య మృణాళిని, 1903లో కుమార్తె రేణుక, 1905లో తండ్రి దేవేంద్రనాథ్ కన్నుమూశారు. చిన్న కుమారుడు శమీంద్రనాథ్ 1907 వసంత పంచమినాడు తోటి బాలురతో కలసి ఆశ్రమంలో ఋతువుల వేడుక జరిపాడు. పిల్లలు ఋతువుల వేషాలు ధరించారు. అదే ఏడాది నవంబరులో, పదకొండేళ్లు నిండకుండానే, ఆ బాలుణ్ణి కలరా బలిగొన్నది.

ఏడాది తిరగక ముందే ఆ తండ్రి ఇతరుల పిల్లల కోసం ఋతువుల నాటకం రచించారు. అదే 1908 నాటి ‘శారదోత్సవ్’. శరత్కాలపు సెలవుల్లో పిల్లలందరూ ఆటపాటల్లో మునిగి ఉండగా, ఉపనందుడనే బాలుడు గతించిన తన గురువు అప్పు తీర్చడానికి రాతప్రతులకు నకళ్లు రాస్తూ కూర్చుంటాడు. సన్యాసి వేషంలో వచ్చిన రాజు అతని పక్కన చేరతాడు. బాలుర పాఠశాల కనుక నాటకంలో స్త్రీ పాత్రలు లేవు. విద్యార్థులు, ఉపాధ్యాయులు ఒకే వేదికపై నటించారు. శోకాన్ని ఎక్కడా ప్రస్తావించని ఈ నాటకం వెనుక శమీంద్రుని వేడుక లేదనుకోవడం కష్టం.

కొత్త నాటకం పూర్తికాగానే రవీంద్రుడు దానిని ఆశ్రమవాసులకు చదివి వినిపించేవారు. అభ్యాస సమయంలో సంభాషణలు మార్చేవారు, పాటలు చేర్చేవారు. నాటకం తయారయ్యే తీరును పిల్లలు ఆ విధంగా కళ్లారా చూసేవారు. 1916లో బాఁకుడా కరువు బాధితుల సహాయార్థం కోల్‌కతాలో ‘ఫాల్గుణి’ ప్రదర్శించినప్పుడు రవీంద్రుడే అంధ గాయకుని పాత్ర పోషించారు. 1919లో కళాభవన్ ఏర్పడిన తరువాత నందలాల్ బోస్ మార్గదర్శకత్వంలో రంగాలంకరణ విద్యార్థుల చేతిపనిగా మారింది. మణిపురి, కథకళి రీతులతోపాటు జావా, సింహళ నాట్యాల ప్రభావమూ ఆశ్రమ వేదికకు చేరింది.

బాలికలు నర్తించడం ఆనాటి సమాజానికి మింగుడుపడలేదు. స్త్రీ పాత్రలే ఉన్న ‘నటీర్ పూజ’ను 1927లో కోల్‌కతాలో ప్రదర్శించినప్పుడు, రవీంద్రుడు ఉపాలి అనే భిక్షువు పాత్రను కొత్తగా సృష్టించి తానే వేదికనెక్కారు. తన విద్యార్థినులపై పడే విమర్శకు ఆయన అడ్డు నిలిచారు.

1936లో విశ్వభారతి నిధుల కోసం ‘చిత్రాంగద’ బృందంతో ఆ వృద్ధకవి ఊరూరా పర్యటిస్తుండగా, గాంధీజీ చలించి రూ. 60,000 సమకూర్చి ఆ ప్రయాణాన్ని విరమింపజేశారు. 1941 ఆగస్టు 7న రవీంద్రుడు అస్తమించారు.

పాఠ్యాంశాలకూ కళలకూ మధ్య గోడ ఉండరాదని 2020 నాటి జాతీయ విద్యావిధానం నిర్దేశించింది. ఆ గోడను ఒక కవి శతాబ్దం క్రితమే తొలగించారు. అందుకు ఆయనకు ఖరీదైన వేదిక అవసరం కాలేదు. పిల్లల ఊహాశక్తిపై నమ్మకం ఒక్కటే సరిపోయింది.